దస్తూరికి జీఎస్టీ అదనం

“ఈ దస్తావేజును చదివించుకుని విని, స్థిరబుద్ధితో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా సంతకం చేసితిని.” ఈ వాక్యం నా చేత్తో కొన్ని వేలసార్లు రాశాను. రాజమండ్రిలో రిజిస్ట్రారాఫీసు పక్కన బల్ల వేసుకుని దస్తావేజులు రాసి బతికినవాణ్ణి. చదవకుండా వేలిముద్ర వేయబోయిన రైతుల్ని “ఆగవయ్యా, ముందు వినవయ్యా” అని కసిరినవాణ్ణి. అలాంటి నేను పోయిన వేసవిలో పదకొండు పేజీల అగ్రిమెంటు కింద, ఫోన్లో, చూపుడు వేలితో సంతకం గీకాను. చదవలేదు. స్థిరబుద్ధి సంగతి ఇక మీరే ఊహించుకోండి.

నా దస్తూరి గురించి ఒక మాట చెప్పాలి. చెప్పకపోతే నాకు తోచదు. గుండ్రంగా, ముత్యాలు పేర్చినట్టు ఉండేది. “ఆయన చేత రాయించండి, కోర్టుకెళ్ళినా కళ్ళకద్దుకుంటారు” అనేవారు. 1998లో కార్డ్ అనే పథకం పెట్టి రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో కంప్యూటర్లు దింపారు. తర్వాత వీధికొక డీటీపీ సెంటరు వెలిసింది. చివరి పదిహేనేళ్ళూ నేను చెబుతుంటే ఒక కుర్రాడు టక టకా కొట్టేవాడు. దస్తావేజు చివర ‘దస్తూరి’ అన్నచోట పేరు నాదే, దస్తూరి మాత్రం ప్రింటరుది. ఆ బాధ ఎవరితో చెప్పుకోను?

ఆ బాధ ఫోనుకి తెలిసిపోయింది. ఒకరోజు మధ్యాహ్నం ప్రకటన: “అందమైన చేతిరాత గలవారు కావలెను. ఇంట్లో కూర్చుని రాయండి. పేజీకి 100 రూపాయలు.” లాటరీ తగిలిందన్నవాళ్ళని, కరెంటు తీసేస్తామన్నవాళ్ళని అంతకుముందు చాలామందిని తిట్టి పెట్టేశాను. డబ్బు అంటే పడేవాణ్ణి కాదు. చేతిరాత అన్నారు, పడ్డాను.

హెచ్‌ఆర్ అమ్మాయి ఫోను చేసింది. గొంతులో తేనె. “మేం పంపే పుస్తకం చూసి చేత్తో రాయడమే పని. శాంపుల్ ఒక లైను రాసి ఫొటో పెట్టండి సార్” అంది. మా ఊరి రత్నం పెన్ను తీశాను. 1935లో గాంధీగారు బాగుందని ఉత్తరం రాసిన పెన్నులవి. కడిగి, సిరా పోసి, పాళీని బొటనవేలి గోటి మీద పరీక్షించి, ఒక లైను రాసి పంపాను. రెండు నిమిషాల్లో మళ్ళీ ఫోను: “వావ్ సార్, ప్రింటు కొట్టినట్టుంది!” సిగ్నల్ సరిగ్గా లేదమ్మా అని చెప్పి, స్పీకరు ఆన్ చేసి, వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఆ మాట రెండోసారి చెప్పించుకున్నాను.

మా ఆవిడ పోపు వేస్తూనే అడిగింది. “ఏమండీ, వాళ్ళ దగ్గర అచ్చులో ఉందా ఆ పుస్తకం?”

“ఉంది. పీడీఎఫ్.”

“అచ్చులో ఉన్నదాన్ని చూసి చేత్తో రాయించుకోవడం ఏమిటండీ? వెనక్కి నడిచే కంపెనీనా?”

“నీకు తెలీదు, విదేశాల్లో చేతిరాతకి మళ్ళీ గిరాకీ వచ్చింది” అన్నాను. ఎక్కడ చదివానో అడగొద్దు. అప్పటికప్పుడు పుట్టింది.

రిజిస్ట్రేషన్ ఫీజు 1,000, జీఎస్టీ 18 శాతం, మొత్తం 1,180 రూపాయలు అన్నారు. ఉద్యోగం ఇచ్చేవాడు డబ్బు అడగడమేమిటని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. కానీ ఆ 180 నన్ను మెత్తబరిచింది. జీఎస్టీ కూడా వేస్తున్నారంటే గవర్నమెంటుకి తెలిసిన కంపెనీయే కదా! రసీదు మీద పదిహేను అక్షరాల జీఎస్టీ నెంబరు ఉండాలన్నది కూడా అప్పుడు గుర్తు రాలేదు. కట్టాను.

అగ్రిమెంటు వంద రూపాయల స్టాంపు కాగితం మీద వచ్చింది. అంటే దాని ఫొటో వచ్చింది. స్టాంపు వెండరు వరస నెంబరు, తేదీ, కొన్నవాడి పేరు వేసి సంతకం పెట్టకుండా కాగితం బయటికి రాదని ఊళ్ళోవాళ్ళకి పాఠాలు చెప్పిన మనిషిని నేను. ఈ కాగితం వెనకవైపు చూపించమని అడగాలన్న బుద్ధి పుట్టలేదు. అప్పటికే పెన్నులో సిరా నింపేశాను మరి.

యాభై పేజీలు, పది రోజులు, తొంభై శాతం కరెక్టుగా ఉండాలి. పుస్తకం తేనెటీగల పెంపకం గురించి ఎవరో దొర ఎప్పుడో రాసినది. అక్షరాలు దోమలంత. ఫొటోలో సగం పేజీ వంకర, ఒక మూల ఎవరిదో బొటనవేలు కూడా పడింది. భూతద్దం పెట్టుకుని, తెల్లవారుజామున నాలుగింటికి లేచి రాసేవాణ్ణి. రాణీ ఈగ ఏం తింటుందో, మగ ఈగలు ఏ పనీ చేయకుండా ఎలా బతుకుతాయో అంతా ఇంగ్లీషులో రాశాను. మగ ఈగల పేజీ రాస్తున్నప్పుడు మా ఆవిడ కాఫీ పెట్టి, భుజం మీదుగా తొంగి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. అది ఎక్కువ బాధ.

తొమ్మిదో రోజు రాత్రికి అయింది. మెడ ఎడమవైపు తిరగడం మానేసింది. ఫొటోలు తీసి పంపాను. 5,000 రూపాయలతో మా ఆవిడకి చీర కొందామా, మెడకి బెల్టు కొందామా అని ఆలోచిస్తూ పడుకున్నాను.

మూడో రోజు క్యూసీ రిపోర్టు, అంటే నా రాతలో తప్పొప్పుల లెక్క, వచ్చింది. 89.4 శాతం! మీరు గమనించారో లేదో, వీళ్ళు నలభై, యాభై వేయరు. పాసుకి వెంట్రుకవాసి దూరంలో ఆపుతారు, అయ్యో కాస్తలో పోయిందే అని మనమే ఏడవాలని. తప్పుల పట్టిక చూస్తే నా రక్తం మరిగింది. ‘ఐ’ మీద చుక్క గుండ్రంగా లేదట. కామాకీ ఫుల్‌స్టాపుకీ తేడా తెలియడం లేదట. నా కామా! పొలం హద్దుల్లో తూర్పున కాలువ, పడమర డొంక అని రాస్తే ఆ కామా దగ్గర మనిషి ఆగి ఊపిరి పీల్చుకునేవాడు.

తేనె గొంతు అమ్మాయి ఫోను తియ్యలేదు. బదులుగా ఒక మగ గొంతు. “అగ్రిమెంటు ఏడో పేజీ చూడండి. ఫెయిలైతే సర్వీసు చార్జీ 5,000 కట్టాలి. జీఎస్టీతో 5,900.” ఏడో పేజీ చూశాను. నిజంగానే ఉంది. మోసానికి కూడా పద్దెనిమిది శాతం వేసేవాళ్ళని అప్పుడే చూడటం.

సాయంత్రానికి వాట్సాప్‌లో లీగల్ నోటీసు. రెండు గంటల్లో కట్టకపోతే పోలీసులు ఇంటికొస్తారట, ఐపీసీ 420 కింద అరెస్టట. నాకు చెమటలు పట్టాయి. ఆ వయసులో, ఆ వీధిలో, ఆ టైములో, ఎదురింటి వాళ్ళంతా అరుగు మీద ఉండగా జీపు రావడం ఊహించుకోండి. బీరువా తాళాలు అడిగితే మా ఆవిడ ఇవ్వలేదు. “ముందు ప్లీడరు గారి దగ్గరికి పదండి” అంది.

ఆయన మా పాత స్నేహితుడు. నోటీసు చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, నవ్వొస్తే ఆయన అలాగే చేస్తారు. “ఐపీసీ 2024 జులై 1 నుంచి లేదయ్యా. ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత. మోసం సెక్షను 318. పాపం వాడికి ఎవరూ చెప్పినట్టు లేదు.” అంటే చట్టం మారినా ఊళ్ళో ఫోర్ ట్వంటీ గాడు అలాగే ఉన్నాడన్నమాట. మోసం చేసి రాయించుకున్న ఒప్పందాన్ని మోసపోయినవాడు కాదనొచ్చని 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే ఉందని కూడా చెప్పారు. “నీకు తెలియదా?” అని అడగలేదు. అంత మంచివాడు.

అక్కణ్ణుంచే సైబర్ మోసాల మీద ఫిర్యాదు తీసుకునే 1930 నెంబరుకి ఫోను చేశాం. అవతలి మనిషి ఓపిగ్గా అన్నీ రాసుకుని, డబ్బు ఎప్పుడు కట్టారని అడిగాడు. రెండు వారాల పైనే అయిందన్నాను. కట్టిన గంటలో చేస్తే అవతలి ఖాతాలో ఆపే అవకాశం ఉండేదండీ అన్నాడు. ఆ గంటలో నేను పాళీ అరగదీస్తున్నాను. ఫిర్యాదు నెంబరు మాత్రం ఇచ్చాడు.

ఇంటికొచ్చాక భయం పోయింది. భయం పోయాక కోపం వచ్చింది. 1,180 పోయినందుకు కాదు, కామా గురించి. ఆ నోటీసుని ప్రింటు తీయించుకొచ్చి, ఎర్రసిరా పోసి కూర్చున్నాను. ఇరవై మూడు లైన్లలో నలభై ఒక్క తప్పులు. కోర్టు అని రాయబోయి స్పెల్లింగు జారి ‘కోట్’ అయింది. అంటే డబ్బు కట్టకపోతే నన్ను హైకోటులో నిలబెడతారట, ఎవరి కొలతకో మరి. వకీలు పేరు పైన ఒకలా, కింద ఒకలా ఉంది. ప్రతి తప్పు చుట్టూ సున్నా చుట్టి, పక్కన నెంబరు వేసి, అడుగున నా ముత్యాల దస్తూరిలో రాశాను: “మీ నోటీసు ఫెయిలు. క్యూసీ చార్జీ 1,000, జీఎస్టీతో 1,180. రెండు గంటల్లో కట్టగలరు.” ఫొటో తీసి పంపాను.

నీలం టిక్కులు పడ్డాయి. అయిదు నిమిషాలు అవతలివాడు టైపు చేస్తూనే ఉన్నాడు. మా ఆవిడ కూడా వచ్చి పక్కన కూర్చుంది. చివరికి వచ్చింది జవాబు.

“సూపర్ సార్. మా దగ్గర క్యూసీ పోస్టు ఖాళీగా ఉంది. నెలకి 25,000. రిజిస్ట్రేషన్ ఫీజు 1,180 మాత్రమే.”

మా ఆవిడ ఫోను లాక్కుని ఆ నెంబరు బ్లాకు చేసింది. మర్నాడు ప్లీడరు గారికి చెబితే పడీ పడీ నవ్వి, “ఆవిడ లాక్కోకపోతే కట్టేసేవాడివేమిటయ్యా?” అన్నారు.

ఛ, అదేం మాట! వాడు సూపర్ అన్నది నా ఇంగ్లీషునా, నా దస్తూరినా అన్నది మాత్రం తేల్చుకునేవాణ్ణి.