మెయిన్ మెథడ్‌లో జేపీఏ నడవదా?

"జేపీఏ వాడాలంటే అప్లికేషన్ సర్వర్ ఉండాల్సిందే. డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌కు జేడీబీసీయే గతి." జావా నేర్చుకునేవాళ్ల గ్రూపుల్లో తెగ తిరుగుతున్న మాట ఇది. జేపీఏ అంటే జావా ఆబ్జెక్టులను డేటాబేస్ టేబుళ్లకు జతచేసే ప్రమాణం; జేడీబీసీ అంటే ఎస్‌క్యూఎల్ మనమే రాసి డేటాబేస్‌తో మాట్లాడే పద్ధతి. కింద మూడు కారణాలు కూడా ఇస్తారు.

మొదటిది, "అది ఈజేబీలో భాగం". ఈజేబీ అంటే సర్వర్ లోపల నడిచే జావా కాంపొనెంట్ల ప్రమాణం. పుట్టుక వరకు నిజమే. 2006లో జేపీఏ, ఈజేబీ 3.0 రెండూ జేఎస్‌ఆర్ 220 అనే ఒకే స్పెసిఫికేషన్ కింద వచ్చాయి. కానీ సర్వర్ లేని మామూలు జావా ఎస్‌ఈలో ఎలా వాడాలో కూడా అందులోనే రాశారు. క్లాస్‌పాత్‌లో జేపీఏను అమలు చేసే హైబర్నేట్ లేదా ఎక్లిప్స్‌లింక్ జార్లు, డేటాబేస్ డ్రైవరు, ఒక పర్సిస్టెన్స్ ఎక్స్‌ఎంఎల్ ఫైలు పెట్టి, మెయిన్‌లోంచి ఎంటిటీ మేనేజర్ ఫ్యాక్టరీని (డేటాబేస్‌లో చదివి రాసే ఎంటిటీ మేనేజర్లను ఇచ్చేది) తయారు చేసుకుంటే సరి. హైబర్నేట్ అయితే 2001 నుంచే ఉంది, అప్పటికి జేపీఏ లేనేలేదు.

రెండోది, "ట్రాన్సాక్షన్లు సర్వరే చూడాలి". రిసోర్స్ లోకల్ అనే సెట్టింగు ఉన్నది ఎందుకు మరి? బిగిన్, కమిట్, ఎక్సెప్షన్ వస్తే రోల్‌బ్యాక్: మనమే రాసుకుంటాం. రెండు డేటాబేసులను ఒకే ట్రాన్సాక్షన్‌లో కలపాలంటే జేటీఏ అనే జావా ట్రాన్సాక్షన్ల ప్రమాణం కావాలి, నిజమే. దానికీ సర్వర్ లేకుండా నడిచే నారాయణ, అటామికోస్ అనే ట్రాన్సాక్షన్ మేనేజర్లు ఉన్నాయి.

మూడోది నాకూ ఒక సాయంత్రాన్ని మింగింది: "పర్సిస్టెన్స్ కాంటెక్స్ట్ యానొటేషన్ పెడితే నల్ పాయింటర్ వస్తోంది, కాబట్టి పనిచేయదు". ఆ యానొటేషన్‌ను చూసి ఎంటిటీ మేనేజర్‌ను తెచ్చిపెట్టేది సర్వర్‌లోని కంటైనర్. అది లేనప్పుడు మనమే ఫ్యాక్టరీని అడిగి తెచ్చుకోవాలి. పనిచేయనిది యానొటేషన్, జేపీఏ కాదు.

అసలు చిక్కు ఈ మూడింటిలోనూ లేదు. ఎంటిటీ మేనేజర్‌ను ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి అన్న లెక్క సర్వర్ చూసుకునేది, ఇప్పుడు మన నెత్తిన పడుతుంది. చాలామంది ప్రోగ్రామ్ మొదలైనప్పుడు ఒకటి తెరిచి సాయంత్రం దాకా దాన్నే వాడతారు. చదివిన ప్రతి రికార్డూ అందులో పేరుకుపోతుంది. అందుకే పక్క కంప్యూటర్‌లో మార్చిన ధర మన స్క్రీన్ మీద పాతదిగానే ఉంటుంది. పైగా దాన్ని రెండు థ్రెడ్లు పంచుకోకూడదు. డెస్క్‌టాప్ స్క్రీన్లు కట్టే స్వింగ్‌లో బ్యాక్‌గ్రౌండ్ థ్రెడ్ నుంచి అదే ముట్టుకుంటే టెన్షన్ మొదలైనట్టే. ఫ్యాక్టరీ మాత్రం ఒక్కటే ఉండాలి, ఒక్కో పనికి ఒక్కో మేనేజర్ తెరిచి మూసేయాలి. హైబర్నేట్‌లో మూశాక లేజీ లిస్టును (అడిగినప్పుడే డేటాబేస్ నుంచి వచ్చేది) తెరవబోతే లేజీ ఇనిషియలైజేషన్ ఎక్సెప్షన్ పలకరిస్తుంది, కావలసింది ముందే జాయిన్ ఫెచ్‌తో తెచ్చుకోండి.

"స్టార్టప్ ఆలస్యం" అనేవాళ్లతో నాకు పేచీ లేదు. ఫ్యాక్టరీ కట్టడానికి టైమ్ పడుతుంది. రెండు టేబుళ్ల ప్రోగ్రామ్ అయితే నేనూ జేడీబీసీతోనే కానిచ్చేస్తాను.