ఆకు బొమ్మ మాహాత్మ్యం

నిన్న నా చేతికి ఒక బిస్కెట్ ప్యాకెట్ వచ్చింది. దాని మీద పచ్చటి ఆకు బొమ్మ. కింద ‘భూమికి మేలు, ఒంటికి మేలు’ అని రాసి ఉంది. విప్పితే ప్లాస్టిక్ ట్రే. ట్రేలో ఆరు బిస్కెట్లు, ఒక్కోదానికీ విడిగా మళ్లీ ప్లాస్టిక్ తొడుగు. వెనక సన్నక్షరాల్లో మొదటి పదార్థం చక్కెర, రెండోది పామాయిల్. ఆకు మాత్రం ఎక్కడా లేదు. ఉన్న ఆకంతా బొమ్మకే సరిపోయినట్టుంది.

2019లో ఈట్-లాన్సెట్ కమిషన్ పేరుతో 16 దేశాల శాస్త్రవేత్తలు 37 మంది కూర్చుని భూమికీ మనిషికీ కలిపి ఒకే విస్తరి వేశారు. రోజుకు కూరగాయలు 300 గ్రాములు, పండ్లు 200, ఎర్ర మాంసం (మేక, గొర్రె, గొడ్డు, పంది మాంసం లాంటివి) మాత్రం సగటున 14 గ్రాములే. పశువుల మేతకని అడవులు కొట్టి, అవి తేన్చే మీథేన్ వాయువుతో భూమికి జ్వరం తెప్పించేదీ, మన రక్తనాళాల్లో కొవ్వు పేర్చేదీ చాలావరకు ఒకే పళ్లెం అని వాళ్ల ఉద్దేశం. ఆ విస్తరిలో అందరూ తింటే ఏటా దాదాపు 1.1 కోట్ల అకాల మరణాలు తప్పుతాయని లెక్క కూడా కట్టారు. పైగా కలిపిన చక్కెర 31 గ్రాములు దాటొద్దన్నారు. ఆకు బొమ్మ వేస్తే చక్కెర లెక్కలోకి రాదని పాపం వాళ్లకెవరూ చెప్పలేదు.

నిజానికి ఆ బొమ్మకు మొదటి హక్కుదారు శనగ గింజ. శనగ మొక్క గాలిలోని నత్రజనిని వేరు బుడిపెల్లో పట్టి ఎరువు ఖర్చు తగ్గిస్తుంది. గింజ మనకు ప్రొటీనూ పీచూ ఇస్తుంది, కొలెస్ట్రాల్ దించడానికి సాయపడుతుంది. అది ఒకరోజు ఆకు బొమ్మలిచ్చే ఆఫీసుకు వెళ్లిందనుకోండి.

‘పేరు?’

‘శనగండి.’

‘బ్రాండు?’

‘అదేనండి.’

‘పదార్థాల జాబితా?’

‘నేనేనండి.’

అధికారి కళ్లజోడు సర్దుకున్నాడు. ‘ఒక్కటే పదార్థమా? జనం నమ్మరు. కనీసం ఒక ఎమల్సిఫయరైనా లేకుండా ఆరోగ్యకరం అని ఎలా రాయమంటావు?’

‘నానబెట్టి ఉడికిస్తే చాలండి.’

‘కస్టమర్ రాత్రంతా కాపలా కాయాలా? సరే, ప్యాకెట్ ఏది?’

‘కాయే ప్యాకెట్టండి.’

‘దాని మీద ప్రింటింగ్ నిలవదు. పోనీ నీ కథేమిటి? మీ ఫౌండరు ఉద్యోగం మానేసి, కొండలెక్కి, నిన్ను కనిపెట్టాడా?’

‘లేదండి. వేల ఏళ్లుగా ఇక్కడే ఉన్నాను.’

‘అంటే కొత్తదనం లేదన్నమాట.’

శనగ తల దించుకుని వెళ్లిపోతుంటే ఆయనకే జాలేసి వెనక్కి పిలిచాడు. ‘ఒక పని చెయ్యి. పిండి అయిపో. అందులోంచి ప్రొటీన్ విడదీయించుకో. రంగు, వాసన, చక్కెర పట్టించుకుని బార్‌లా తయారై రా. రెండు ఆకులు వేస్తాను.’

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. నాకు ఒళ్లు మండేది ఇంకో చోట. ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్కలోనే 2024లో 260 కోట్ల మందికి ఆరోగ్యకరమైన తిండి కొనే స్తోమత లేదు. వాళ్లలో చాలామంది మాంసం ముట్టనిది నిష్ఠతో కాదు, కొనలేక. ఎదుగుదల ఆగిపోయిన పిల్లకు గుడ్డూ పాలూ దొరకడమే ఆరోగ్యం. ఆ పిల్ల ముందు కూడా నిలబడి ‘భూమి కోసం తగ్గించుకోమ్మా’ అని ప్రవచనం చెప్పేవాళ్లకు సిగ్గుండక్కర్లేదా? తగ్గించడానికి ఆ కంచంలో ఏముందని? ఆ 37 మంది కూడా అలా అనలేదు. పోషణ అందని చోట్ల పిల్లలకు పాలు, గుడ్లు, మాంసం లాంటివి ఇంకా అవసరమవుతాయనే రాశారు. తగ్గించాల్సింది పళ్లెంలో గుట్టలు పోసుకునేవాళ్లు. వాళ్లు మాత్రం ఒక ఆకు బొమ్మ కొనుక్కుని హాయిగా నిద్రపోతున్నారు.

బిస్కెట్లు ఆరూ తినేశాను, అబద్ధమెందుకు. ట్రే పారేయబోతూ తిరగేసి చూశాను. అడుగున కూడా చిన్న ఆకు అచ్చేసి ఉంది.