4,216 పాటల అమ్మమ్మ

నాకు చూపు లేదు. కంప్యూటర్‌తో నా కాపురమంతా, తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ మధ్యవర్తిత్వంలోనే సాగుతుంది. నేను వాడేది ఎన్‌వీడీఏ. 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ అనే చూపులేని కుర్రవాడు మొదలుపెట్టాడు. పైసా ఖర్చు లేదు. నేను పెట్టుకున్న తెలుగు గొంతు మాత్రం జలుబు చేసిన పంతులుగారు రేకు డబ్బాలో తలపెట్టి పంచాంగం చదివినట్టుంటుంది. అలవాటైపోయింది.

ఆ ఆదివారం పాటల జాబితా శుభ్రం చేద్దామని కూర్చున్నాను. ఏళ్ల తరబడి బంధుమిత్రులు పెన్‌డ్రైవుల్లో పోసిన సరుకది. పాట పేరు ఉండాల్సిన చోట ‘ట్రాక్ 01’. మరికొన్నిటికి పేరు నడుమ తెగిపోయింది. పాట ఫైలులోనే దాని వివరాలు దాచే చీటీని ఐడీ3 ట్యాగు అంటారు. 1996 నాటి తొలి ట్యాగులో పేరుకు 30 అక్షరాల చోటే ఉండేది మరి. ఇంకొన్నిటికి ముందు వెబ్‌సైటు చిరునామా. చూపున్నవాళ్లు దాన్ని దాటేస్తారు. నేను మాత్రం ప్రతి పాటకూ ‘డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూ’ నామావళి పూర్తిగా వినాలి.

మొదట అమ్మమ్మ జోలపాట. ఫోనులో రికార్డు చేసినది. గాయని పేరు రాద్దామని పాట పెట్టానో లేదో, ఆవిడ రాగం తీసే చోటల్లా పంతులుగారు అడ్డుపడి నిమిషాలూ సెకన్లూ చెబుతున్నాడు. విసుగొచ్చి ఇన్సర్ట్‌తో ఎస్ నొక్కి నోరు మూయించాను. వేళ్లకు దారి తెలియదా అన్న ధీమా!

ఆల్ట్, ఎంటర్ కలిపి నొక్కితే వివరాల పెట్టె తెరుచుకోవాలి. మీట సరిగా పడలేదు. తెరుచుకుందనుకుని, గడిలోని పాత పేరు చెరపడానికి కంట్రోల్, ఏ నొక్కాను. నేనింకా జాబితాలోనే ఉన్నాను. అక్కడ దానర్థం ‘పాటలన్నీ’. అనుమానమొచ్చి మళ్లీ ఆల్ట్, ఎంటర్. ఈసారి తెరుచుకుంది, అన్నిటికీ కలిపి. ‘మా అమ్మమ్మ’ అని రాసి ఎంటర్ కొట్టాను. ఏదో అడిగి ఉంటుందిలే అని ఇంకో ఎంటర్ కూడా కొట్టాను.

ఒక్క పాటకు పేరు రాయడం క్షణం పని. కానీ పీప్, పీప్ మొదలైంది. పని ఎంతవరకు అయిందో ఎన్‌వీడీఏ అలా చెబుతుంది. అయ్యేకొద్దీ శ్రుతి పైకి పోతుంది. అవరోహణ లేని రాగమది. తారస్థాయి దాటేసరికి నాకు చెమట పట్టింది.

పంతులుగారిని బతిమాలి మళ్లీ మాట్లాడించి, కింది బాణం నొక్కుతూ పోయాను.

“మా అమ్మమ్మ.” “మా అమ్మమ్మ.” “మా అమ్మమ్మ.”

వరండాలో వత్తులు చేసుకుంటున్న అమ్మమ్మ “వస్తున్నానురా, ఎందుకలా కేకలు!” అంటూ చేతికర్ర టకటకలాడించుకుంటూ వచ్చింది.

చేసిన పనిని వెనక్కి తీసుకునే కంట్రోల్, జెడ్ పని చేయలేదు. కనీసం అసలు జోలపాటైనా దొరుకుతుందేమోనని ‘అమ్మమ్మ’ అని వెతికాను. 4,216 దొరికాయి. మార్చిన తేదీ ప్రకారం పేర్చి చూశాను. అన్నిటికీ ఆ రోజు తేదీయే.

చేసేది లేక ఒక్కొక్కటీ పెట్టి వినడం మొదలుపెట్టాను. అమ్మమ్మ పక్కన కుర్చీ వేసుకుంది. మొదటిదే పెళ్లి బ్యాండు మేళం.

“ఇది నేనేనా?”

“అలాగే రాసి ఉందమ్మమ్మా.”

ఆవిడ చివరిదాకా విన్నది. “పరవాలేదు, ఊపిరి బాగానే పట్టాను. తరువాతది పెట్టు.”