సెన్సర్ దొరకడం లేదండీ!

ఇంట్లో ట్రైనర్‌కు, అంటే ఉన్నచోటే తొక్కించే యంత్రానికి, సైకిల్ బిగించుకున్నవాడికి తొక్కకుండా తప్పించుకోవడం మహా కష్టం. వాన అనడానికి లేదు, ఎండ అనడానికి లేదు, కుక్కలు వెంటపడ్డాయనడానికి అసలే లేదు. మిగిలిన దిక్కు ఒక్కటే: 'సెన్సర్ కనెక్ట్ కావడం లేదు.' తొక్కుడునూ గుండెవేగాన్నీ కొలిచి తెర మీది యాప్‌కు చేరవేయాల్సిన పరికరం మూగబోయిందన్నమాట. ఇంత గౌరవప్రదమైన సాకును చాలామంది అదృష్టానికి వదిలేస్తున్నారు. ఏ రోజుకారోజు కచ్చితంగా కనెక్ట్ కాకుండా చూసుకోవాలంటే సాధన కావాలి.

యాప్ తెరవకముందే ఫోన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఇయర్‌ఫోన్స్‌కు చేసినట్టే సెన్సర్‌నూ పెయిర్ చేసేయండి. బ్లూటూత్ సెన్సర్లలో, ముఖ్యంగా పాతవాటిలో, చాలావాటిది ఏకపత్నీవ్రతం. ఒకసారి ఫోన్ చెయ్యి పట్టుకున్నాయంటే ల్యాప్‌టాప్‌లోని యాప్ ఎంత గాలించినా లిస్టులో పేరైనా రాదు. నిన్న ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) కోసం తెరిచిన తయారీదారు యాప్‌ను వెనకాల అలాగే నడవనివ్వడం ఇంకా శ్రేష్ఠం. అది చడీచప్పుడు లేకుండా ట్రైనర్‌ను పట్టుకుని కూర్చుంటుంది, అనుమానం మాత్రం సెన్సర్ మీదికి పోతుంది. రెండు మూడు కనెక్షన్లు ఒప్పుకునే కొత్త మోడళ్లు వచ్చాయి. అలాంటివి కొనకండి.

ఆండ్రాయిడ్ ఫోన్ లొకేషన్ అనుమతి అడిగితే, 'గోడ పక్కన కదలకుండా ఉన్న సైకిల్‌కు లొకేషన్ ఎందుకు?' అని నిలదీసి 'వద్దు' నొక్కండి. ప్రశ్న న్యాయమైనదే. కానీ ఆండ్రాయిడ్ 11 దాకా బ్లూటూత్ స్కాన్‌కు ఆ అనుమతే తాళంచెవి. 12 నుంచి దగ్గర్లోని పరికరాల కోసం వేరే అనుమతి పెట్టారు. దాన్నీ తిరస్కరిస్తే ఇక ఢోకా లేదు.

చిక్కల్లా బ్లూటూత్ లాంటిదే మరో వైర్‌లెస్ భాష, యాంట్ ప్లస్‌తోనే. దాని పద్ధతి దండోరా. సెకనుకు సుమారు నాలుగుసార్లు మీ గుండె లెక్క చాటుతూనే ఉంటుంది. వాచీ, సైకిల్ కంప్యూటర్, ల్యాప్‌టాప్, ఎందరు విన్నా దానికి అభ్యంతరం లేదు. అయినా నిరాశ వద్దు. సైక్లింగ్ సెన్సర్ల దండోరా సాగేది 2457 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే సరిగ్గా వైఫై 10వ ఛానెల్ నడిమధ్య. రూటర్‌ను ఆ ఛానెల్లోనే ఉంచి, ట్రైనర్ పక్కకు జరపండి. ఆ దండోరా వినే చిన్న యూఎస్‌బీ బిళ్ల, అదే డాంగిల్‌ను, ల్యాప్‌టాప్ వెనక యూఎస్‌బీ 3.0 పోర్టులో గుచ్చి, దాని పక్కనే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తగిలించండి. యూఎస్‌బీ 3.0 కేబుళ్లు, కనెక్టర్లు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రొద వెదజల్లుతాయి. ఆ రొదలో చెవి పక్కన అరిచినా డాంగిల్‌కు వినపడదు. రెండు మీటర్ల ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో డాంగిల్‌ను ట్రైనర్ కిందికి చేర్చే మనుషులూ ఉంటారు. వాళ్లతో స్నేహం వద్దు, వాళ్లు రోజూ తొక్కుతారు.

పెడల్ చుట్లు లెక్కపెట్టే కేడెన్స్ సెన్సర్‌ది కుంభకర్ణ వంశం. పెడల్ తగిలించిన కడ్డీ, అదే క్రాంక్, కాస్త తిరిగితేనే కళ్లు తెరుస్తుంది. కాబట్టి తిప్పకండి. కదలని సైకిల్ పక్కన చేతులు కట్టుకుని నిలబడి, తెర మీద 'సెర్చింగ్' అని తిరిగే చక్రాన్ని చూడటమే ఈ విద్యలో పరాకాష్ఠ. ఇంట్లో ఎవరైనా తెలివిగా బ్యాటరీ మార్చమంటే తప్పకుండా మార్చండి, కానీ పిల్లలు మింగకుండా చేదు పూత పూసిన సీఆర్ 2032 బిళ్లను ఎంచుకోండి. కొన్ని సెన్సర్లలో ఆ పూత కాంటాక్టుకు అడ్డం పడి, కొత్త బ్యాటరీ కూడా చచ్చినట్టే పడి ఉంటుంది. స్పిరిట్‌తో అంచు తుడిస్తే లేస్తుందన్న సంగతి బయటికి పొక్కనివ్వకండి.

గుండెవేగం కొలిచే ఛాతీ పట్టీ ఎలక్ట్రోడ్లను తడపకుండా కట్టుకోండి. పొడి చర్మం మీద అది మౌనంగానైనా ఉంటుంది, లేదంటే పోలియెస్టర్ బనియన్ రాపిడికి కూర్చున్నవాడికే 200 దాటిన గుండెవేగం చూపిస్తుంది. చెమట పడితే అదే సర్దుకుంటుందంటారు. చెమట మన ప్రణాళికలో లేదు.

ఇన్ని జాగ్రత్తల తరవాతా అన్నీ కనెక్ట్ అయిపోయే దురదృష్టం పట్టవచ్చు. అప్పుడు జ్విఫ్ట్ అనే సైక్లింగ్ యాప్ పెయిరింగ్ తెర మీద ట్రైనర్‌ను పవర్ గడిలో మాత్రం పెట్టి, ట్రైనర్ బిగువును యాప్ చేతికిచ్చే గడి ఖాళీగా వదలండి. తెర మీద కొండ ఎక్కుతుంటారు, కాళ్లకు మాత్రం ఆ కబురు అందదు.

ఒక్క ప్రమాదం గురించి హెచ్చరించక తప్పదు. వాట్లు తేడాగా ఉన్నాయని ఫిర్యాదు చేస్తే, పక్కవాడు ట్రైనర్ కొలతను సరిచేసే స్పిన్‌డౌన్ కాలిబ్రేషన్ చేద్దామంటాడు. ఒప్పుకోకండి. ట్రైనర్ వేడెక్కడానికి దానికి ముందు పది నిమిషాలు తొక్కాలి. ముందు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉందేమో చూద్దామనండి. అది నడుస్తున్నంతసేపూ ప్లగ్ తీయకూడదు, యాప్ మూయకూడదు, కూర్చుని కాపలా కాయాల్సిందే.