గుడికి వీపు, పిట్టకు దండం

నలభై ఎనిమిదేళ్ళుగా నేను ఏ పిట్టకూ అపకారం చేయలేదు, ఏ పిట్టనూ పట్టించుకోనూ లేదు. ఇరు పక్షాలూ హాయిగా ఉండేవి. ఈ సంధిని చెడగొట్టింది మా ఆవిడ. న్యూజెర్సీ చలికి ముడుచుకుని కూర్చునే బదులు జనవరిలో ఎటైనా వెళ్దామంది. నేను మాయా నాగరికత శిథిలాలన్నాను, ఆవిడ అడవులంది. రెండూ కలిసొచ్చే ప్యాకేజీ ఒకటి దొరికింది. గ్వాటెమాలాలో తికాల్, ఆరు రోజులు, గైడుతో సహా. ప్యాకేజీ పేరులో 'బర్డింగ్' అనే మాట ఉందని డబ్బు కట్టాక గమనించాను. కొసరుగా నాలుగు పిట్టల్ని కూడా చూపిస్తారు కాబోలు అనుకున్నాను. కొసరు పిట్టలు కావు, గుళ్ళని అక్కడికి వెళ్ళాక తెలిసింది.

పక్షి ప్రేమికులను వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. వాళ్ళది ఒక మతమనీ, దానికి ఆచారాలూ మడీ పుణ్యలెక్కలూ అన్నీ ఉన్నాయనీ, తీర్థయాత్రలు ఎరిగిన తెలుగువాళ్ళం దాన్ని వెంటనే గుర్తించి గౌరవించాలనీ నా మనవి. ప్రత్యక్ష సాక్షిగా చెబుతున్నాను.

తెల్లవారుజామున నాలుగింటికి లేపారు. చన్నీళ్ళ స్నానం ఐచ్ఛికం. సుప్రభాతం పాడేది హౌలర్ కోతులు. చీకట్లో ఆ అరుపు వింటే అది కోతి గొంతులోంచి వస్తోందని ఎవరూ నమ్మరు. పులి అనుకుని మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆమె నా రక్షణ కోరడం అదే మొదటిసారి. కోతి అని గైడు చెప్పగానే వదిలేసింది.

దీక్షా వస్త్రాల విషయంలో నియమం గట్టిది. మట్టిరంగు, ఆకుపచ్చ తప్ప మరొకటి పనికిరాదు. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకోవాలి, లేకపోతే గోమార్లు ఎక్కుతాయి. మా ఆవిడ గులాబీ రంగు జాకెట్టు చూసి బృందంలో ముగ్గురు ఒకేసారి నిట్టూర్చారు. మడి బట్టల మీద చెయ్యి పడినప్పుడు మా నాయనమ్మ సరిగ్గా అలాగే నిట్టూర్చేది.

తికాల్‌లో నాలుగో గుడి ఎత్తు దాదాపు 65 మీటర్లు. క్రీ.శ. 741 ప్రాంతంలో కట్టారు. పక్కనే వేసిన చెక్క మెట్ల మీదుగా పైకెక్కి కూర్చున్నాం. కింద అడవంతా మంచు. కాసేపటికి ఆ మంచులోంచి ఒకటో గుడి, రెండోది, మూడోది, ఒక్కొక్క శిఖరమే బయటికొచ్చాయి. పన్నెండు వందల ఏళ్ళనాటి రాళ్ళు. నాకు గొంతు పట్టేసింది. పక్కవాళ్ళతో ఏదైనా అందామని తిరిగితే పదకొండు వీపులు కనిపించాయి. వెనక కొమ్మ మీద నారింజ రంగు రొమ్మున్న డేగ వాలిందట. ఈ గుళ్ళ శిఖరాల మీద గూళ్ళు కూడా పెట్టే అరుదైన డేగ. శిఖరాన్ని చూడ్డానికి వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. మిగతావాళ్ళకు అది డేగ కూర్చునే పీట.

గైడు పాపం చదువుకున్న మనిషి, పెటెన్ ప్రాంతంవాడే. చరిత్ర చెప్పాలని అతనికి చాలా ఉబలాటం. "695లో జసవ్ చాన్ కవీల్ అనే రాజు కలక్‌ముల్ అనే శత్రు నగరం మీద యుద్ధం గెలిచాడు. గెలిచి..." అనేసరికి ఎవరో "టూకాన్!" అన్నారు. మర్నాడు మళ్ళీ మొదలుపెట్టాడు. "గెలిచి..." అనగానే వడ్రంగి పిట్ట. ఆరు రోజులూ ఆ రాజు యుద్ధం గెలుస్తూనే ఉన్నాడు, ఇంటికి మాత్రం రాలేదు. ఒకటో గుడి కింద దొరికిన సమాధి అతనిదేనని నేను రాత్రి హోటల్ గదిలో చదువుకున్నాను. ఈ నగరంలో చివరి తేదీ చెక్కిన రాయి 869 నాటిదని కూడా. నదే లేని చోట వానను ఒడిసిపట్టి పదుల వేల మంది బతికారు. ఒక జలాశయంలో నీళ్ళు వడకట్టడానికి స్ఫటికపు ఇసుక, జియోలైట్ అనే ఖనిజం వాడారని 2020లో పరిశోధకులు బయటపెట్టారు. ఇంత సంగతి మర్నాడు అల్పాహారం దగ్గర చెప్పబోతే ఒకావిడ, "ఆ జలాశయం దగ్గర కొంగలేమైనా ఉన్నాయా?" అని ఆసక్తిగా అడిగింది.

మాయావాళ్ళ మీద నాకు ఈ మమకారం 2012 నాటిది. ఆ ఏడు డిసెంబరు 21న యుగాంతమని మన టీవీ చానళ్ళు వారాల తరబడి ఊదరగొట్టాయి. నిజానికి ఆ రోజు వాళ్ళ లెక్కలో 1,44,000 రోజుల ఆవృత్తి ఒకటి పూర్తయింది, అంతే. బండి మీటరు మళ్ళీ సున్నాల దగ్గరికి వచ్చినట్టు. పక్షి భక్తుల లెక్క మాత్రం ఎన్నటికీ సున్నాకు రాదు. దాని పేరు లైఫ్ లిస్ట్. జన్మలో మొదటిసారి చూసిన పిట్ట లైఫర్. రెండోసారి చూస్తే పుణ్యం లేదు. పన్నెండు జ్యోతిర్లింగాల్లో ఎన్ని అయ్యాయి, ఎన్ని మిగిలాయి అని రైల్లో పరిచయమైన అయిదో నిమిషంలో అడిగే పెద్దమనుషులు మనకు తెలుసు కదా. వాళ్ళే వీళ్ళు, టోపీ మార్చారు.

దర్శనం సంగతి మనవాళ్ళకు విడమర్చి చెప్పక్కర్లేదు. గైడు టెలిస్కోపు నిలబెట్టి అందులో ట్రోగన్ అనే పిట్టను పట్టాడు. పిట్ట ఎర్రటి పొట్టతో దేవుడిలా కదలకుండా కూర్చుంది. క్యూ కట్టాం. ఒక్కొక్కరికి మూడు సెకన్లు. వెనకవాళ్ళు జరగండి జరగండి అని మర్యాదగా ఇంగ్లీషులో గొణిగారు. నా వంతు వచ్చేసరికి ఆకు దర్శనం అయింది. మంచి ఆకే.

కంటికి కనబడకుండా చెవికి మాత్రం దొరికే పిట్టలున్నాయి. టినమూ అని ఒకటి, సందె వేళ పొదల్లోంచి ఈల వేస్తుంది, బయటికి మాత్రం రాదు. వినడాన్ని చూసినట్టు లెక్కవేయవచ్చా అన్నది ఈ మతంలో ద్వైతాద్వైతాలంత పెద్ద తగాదా. రాత్రి భోజనాల దగ్గర దీని మీద గంటన్నర చర్చ నడిచింది. వినడం చాలునన్నవాళ్ళు ఒక బల్ల, కళ్ళారా చూడాల్సిందే అన్నవాళ్ళు ఇంకో బల్ల. నేను రొట్టెలు దగ్గరగా ఉన్న బల్ల వైపు చేరాను.

ఆ బల్ల దగ్గరే ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక పెద్దాయన నా ఊరు అడిగాడు. ఆంధ్రా అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "కడప!" అన్నాడు. తాజ్ మహల్ అనకుండా, హైదరాబాద్ బిర్యానీ అనకుండా కడప అన్న మొదటి విదేశీయుడు నా జీవితంలో ఆయనే. విషయం కలివికోడి. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్న పిట్ట 1986లో మన కడప జిల్లా ముళ్ళ పొదల్లో దొరికింది. రాత్రి టార్చి వెలుగులో స్థానికుడొకాయన పట్టుకున్నాడు. ఆ పిట్ట కోసం ఈ పెద్దాయన కడప వచ్చి తొమ్మిది రాత్రులు పొదల మధ్య తిరిగాడట. కనబడలేదు. "మీరు చూశారా?" అని ఎంతో భక్తిగా అడిగాడు. మా మేనత్తది ప్రొద్దుటూరు. చిన్నప్పుడు ప్రతి వేసవికీ వెళ్ళి మామిడిపళ్ళు తిని వచ్చేవాణ్ణి. ఈ మాట ఆయనకు చెప్పే ధైర్యం చాలక, పిట్ట గొంతు విన్నట్టు గుర్తు అన్నాను. వినడం చాలుననే పక్షం నన్ను వెంటనే తమలో కలుపుకుంది.

ఇక ఓసెలేటెడ్ టర్కీ. యూకతాన్ ద్వీపకల్పం, దాని చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా అడవిలో తిరగని పక్షి. నీలం తల మీద నారింజ రంగు పులిపిర్లు, తోక మీద నెమలి కళ్ళు. దీని కోసమే వచ్చామని నలుగురు నాలుగు రోజుల ముందు నుంచే చెబుతున్నారు. బస్సు దిగగానే పార్కింగ్ స్థలంలో ఎదురొచ్చింది. ఒకటి కాదు, ఆరు. డ్రైవరు చేతిలోని బిస్కట్ పొట్లం వైపు నడిచాయి. భక్తుల ముఖాలు చూడాలి. గర్భగుడిలో ఉండాల్సిన దేవుడు చెప్పుల స్టాండు దగ్గర కనబడితే దండం పెట్టాలా వద్దా?

ఒకరోజు అడవి బాటలో చీమల దండు ఎదురైంది. గెరిల్లా సైన్యంలా నేలంతా నల్లగా పాకుతూ వస్తున్నాయి. వాటి వెంట పిట్టలు. అవి తినేది చీమల్ని కాదు, చీమలకు దడిసి పారిపోయే పురుగుల్ని. పిట్టల వెనక మేము పన్నెండు మంది. మా వెనక నీళ్ళ సీసాలు అమ్మే కుర్రాడు. ఊరేగింపు వెనక బఠాణీల బండి ఎక్కడైనా తప్పదు. ఆ రోజు వ్యాపారం ఎవరికి లాభించిందో చెప్పలేను, పురుగులకు మాత్రం కాదు.

గైడు దగ్గర ఇంకో విద్య ఉంది. చిన్న గుడ్లగూబ ఈలను అచ్చంగా వేస్తాడు. శత్రువు వచ్చిందనుకుని చుట్టుపక్కల చిన్న పిట్టలన్నీ కేకలేస్తూ మీదికొస్తాయి, మేము ఫొటోలు తీసుకుంటాం. కొందరు దీన్ని అధర్మమంటారు. లేని దొంగను చూపించి వీధినంతా బయటికి రప్పించడం మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రోజూ జరిగేదే కాబట్టి నాకేమీ అనిపించలేదు.

గ్వాటెమాలా జాతీయ పక్షి క్వెట్జల్. మాయా రాజులు దాని తోక ఈకలు తలపాగాల్లో పెట్టుకునేవారు. అది మబ్బులు కమ్మే కొండ అడవుల్లో ఉంటుంది, తికాల్ లాంటి పల్లపు అడవుల్లోకి రాదు. 1925 నుంచి ఆ దేశపు కరెన్సీ పేరూ అదే. కనుక నాకు దర్శనమిచ్చిన క్వెట్జల్‌లన్నీ పర్సులోవే. డాలరుకు ఏడు పైచిలుకు వచ్చాయి, ఒక్కటీ నిలవలేదు.

గుంటూరు దగ్గరున్న మా అమ్మ ఫోన్ చేసింది. "పిట్టల్ని చూడ్డానికి విమానమెక్కి వెళ్ళావంట్రా నాన్నా? మన ఉప్పలపాడు చెరువు నిండా పట్టనన్ని కొంగలుంటే ముక్కు మూసుకుని దాటించమని ఏడ్చేవాడివి." అది ఎర్రకాళ్ళ కొంగ అమ్మా, పెలికన్ అమ్మా అని సరిదిద్దబోయి ఊరుకున్నాను. అప్పట్లో రాసిపెట్టుకోలేదు కాబట్టి అవి నా లిస్టులో లేవు.

అవును, అప్పటికి నాకూ ఒక లిస్టు ఉంది. ఎప్పుడు మొదలైందో తెలియదు. మూడో రాత్రి గైడు ఆ రోజు కనబడిన పిట్టల పేర్లు చదువుతుంటే చెయ్యెత్తాను. నాలుగో రాత్రి మా ఆవిడ కన్నా రెండు తక్కువని తెలిసి నిద్ర పట్టలేదు. అయిదో రోజు గైడు "గెలిచి..." అంటుంటే "టూకాన్!" అన్న గొంతు నాదే.

చివరి రోజు పొద్దున పాత గోడ నీడలో ఒక పిట్ట ఎండుటాకులు తిరగేస్తోంది. గోధుమరంగు వీపు, తెల్లటి పొట్ట మీద నల్లచుక్కలు. వుడ్ థ్రష్ అన్నాడు గైడు. నాకు లైఫర్, నూట పద్దెనిమిదోది, మా ఆవిడను దాటేశాను! ఇంగ్లండు పెద్దాయన, "మీరుండేది న్యూజెర్సీలో కదూ? అయితే ఇది మీ ఊరిదే" అన్నాడు. వేసవంతా అక్కడి చెట్లలో గూడు కట్టి పిల్లల్ని పెంచి, చలికి ఇక్కడికి వస్తుందట. యాభై గ్రాముల పిట్ట ఏటా రెండుసార్లు సరిహద్దులు దాటుతుంది, వీసా స్టాంపింగ్ టెన్షన్ లేకుండా. అమెరికాలో వీటి సంఖ్య 1966 నుంచి దాదాపు సగానికి పడిపోయిందనీ ఆయనే చెప్పాడు. దాని పాట గురించి ఏదో అనబోయాడు కానీ నేను లిస్టులో రాసుకుంటున్నాను, సరిగా వినలేదు.

మే నెలలో ఒక ఉదయం మా ఇంటి వెనక చెట్లలోంచి వేణువు లాంటి గొంతు వినబడింది. ఆగి ఆగి, ఒకేసారి రెండు స్వరాలు పలుకుతున్నట్టు. కిటికీ తెరిచి చూశాను. గోధుమరంగు వీపు, చుక్కల పొట్ట. మా ఆవిడ లోపలి నుంచి ఏం పిట్ట అని అడిగింది.

"ఉన్నదేలే" అని కిటికీ మూసేశాను.