రెఫరెండం లేని రెఫరెండం ఆఫీసు

పిల్లల్ని సాఫ్ట్‌వేర్‌లో వేయాలా, గ్రూప్స్ కోచింగ్ ఇప్పించాలా అని టెన్షన్ పడుతున్న తల్లిదండ్రులకు నాదొక సలహా. శాంతిదూతను చేయండి. లేఆఫులుండవు, డెడ్‌లైన్లుండవు. అందరూ రిటైరయ్యే వయసులో ఇక్కడ అసలు ఉద్యోగం మొదలవుతుంది. నమ్మకం కుదరకపోతే ఒక్కసారి పశ్చిమ సహారా వైపు చూడండి.

వాయవ్య ఆఫ్రికాలో స్పెయిన్ కొన్నాళ్లు ఏలి, చేతులు దులుపుకుని పోయిన ఎడారి అది. మాదంటే మాదని పక్కనున్న మొరాకో, స్వతంత్ర దేశం కావాలన్న స్థానికుల ఉద్యమం పొలిసారియో ఏళ్ల తరబడి కొట్టుకున్నాక 1991లో ఐక్యరాజ్యసమితి కాల్పులు ఆపించి, ‘మినుర్సో’ అనే మిషన్ పెట్టింది. విడదీస్తే ‘పశ్చిమ సహారాలో రెఫరెండం కోసం ఐరాస మిషన్’; పేరులోనే రెఫరెండం ఉంది. స్వతంత్ర దేశమా, మొరాకోలో కలవడమా తేల్చడానికి 1992 జనవరిలో ఓటింగ్ అన్నారు. మిషన్ ఉంది, ఏటా పొడిగింపూ ఉంది. ఓటింగ్ ఒక్కటే ఇంకా జరగలేదు. అంత చిన్న లోపానికి తప్పుపట్టడం సంస్కారం కాదు.

పైగా ఆలస్యానికి కారణం బద్ధకం కాదు, శ్రద్ధ. ముందు ఓటరెవరో తేలాలిగా! 1974లో స్పెయిన్ రాయించిన జనాభా లెక్కలు ముందేసుకుని, అటువైపు తెగపెద్దనొకరిని, ఇటువైపు తెగపెద్దనొకరిని కూర్చోబెట్టి, వచ్చినవాళ్లను ఒక్కొక్కరినే చూపించి మీవాడేనా అని అడిగారు. ఒక పెద్దాయన అవునంటే రెండో పెద్దాయన కాదనవచ్చు. ఇలా ఏళ్లు గడిచి, 2000 నాటికి 86 వేల పైచిలుకు పేర్లు తేలాయి. వాటిమీద వచ్చిన అప్పీళ్లు లక్షా ముప్పై వేలు దాటాయి. ఓటర్లకంటే అప్పీళ్లే ఎక్కువ. ఇది చదివి మీకు మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్ గుర్తొస్తే నా పూచీ లేదు.

ఇక ఐరాస పంపిన దూతల సంగతి. అమెరికా మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ ఏడేళ్లు కష్టపడ్డారు. మొదటి ప్లాన్ పొలిసారియోకు నచ్చలేదు, రెండోది మొరాకోకు నచ్చలేదు. 2004లో ఓ దణ్ణం పెట్టి తప్పుకున్నారు. తర్వాత వచ్చిన డచ్చి దౌత్యవేత్త వాన్ వాల్సమ్ అనుభవం చాలక, స్వతంత్ర రాజ్యం ఇప్పట్లో అయ్యేపని కాదని 2008లో మనసులో మాట పైకి అనేశారు. పొలిసారియో భగ్గుమంది, కాంట్రాక్టు అంతటితో సరి. తర్వాతి దూత క్రిస్టోఫర్ రాస్ మీద మొరాకో నమ్మకం లేదంది. జర్మనీ మాజీ అధ్యక్షుడు కోలర్ 2019లో ఆరోగ్యం బాగాలేదని రాజీనామా చేశాక, కుర్చీ రెండేళ్లకు పైగా ఖాళీ. డజను పేర్లు చూశారట, ఒకరికి నచ్చితే ఇంకొకరికి నచ్చరు. సంబంధం కుదరకపోవడం మనం చూశాం. పెళ్లిళ్ల పేరయ్యే కుదరకపోవడం ఇక్కడే.

చివరికి 2021లో స్టాఫన్ డి మిస్తురా కుదిరారు. ఇరాక్, అఫ్గానిస్తాన్, నాలుగేళ్ల సిరియా చూసొచ్చిన మనిషి. కేరళ తీరంలో ఇద్దరు జాలర్లను ఇటలీ మెరైన్లు కాల్చి చంపిన కేసులో ఇటలీ తరఫున మన దేశం చుట్టూ తిరిగిందీ ఆయనే. 2024లో ఆయన, పోనీ చెరో ముక్క పంచుకోండి అన్నారు. ఇద్దరూ వెంటనే వద్దన్నారు. ఇన్నేళ్లలో ఇరుపక్షాలనూ ఒక్కమాట మీద నిలబెట్టిన ఘనత ఆయనకు దక్కాలి.

2025 అక్టోబరులో భద్రతామండలి, మొరాకో ఇస్తానన్న స్వయంప్రతిపత్తే చర్చలకు ఆధారమని తీర్మానించింది. అదే తీర్మానంలో రెఫరెండం మిషన్‌కు మరో ఏడాది పొడిగింపు కూడా ఇచ్చింది.

అల్జీరియాలో టిండూఫ్ దగ్గరున్న శరణార్థి శిబిరాలకు, పశ్చిమ సహారా నుంచి పారిపోయి వచ్చినవాళ్లు తాము వదిలొచ్చిన ఊళ్ల పేర్లే పెట్టుకున్నారు. స్మారా, దఖ్లా, లాయూన్. అక్కడ పుట్టిన కుర్రాణ్ణి ఏ ఊరని అడిగితే స్మారా అనే చెప్తాడు. అసలు స్మారా, మొరాకో కట్టిన దాదాపు 2,700 కిలోమీటర్ల పొడవైన ఇసుక గోడకు అవతల ఉంది. ఆ 86 వేల జాబితాలో అందరికంటే చిన్నవాడికి ఈపాటికి తల నెరిసి ఉంటుంది.