మన కొండలు భూమి మీద కట్టిన తొలి మీగడ కావు

“భూమి చల్లారేటప్పుడు పాల మీద మీగడలా కట్టిన తొలి పొరే మన తూర్పు కనుమలు. వయసు 450 కోట్ల సంవత్సరాలు. కింద ఇప్పటికీ లావా సముద్రమే. శాస్త్రవేత్తలు చెప్పే వయసులన్నీ ఊహలు.” శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఫోన్లలో తిరుగుతున్న సందేశం ఇది. టెక్కలిలోని మా బావగారు మూడుసార్లు పంపారు. మూడోసారి ఊరుకోలేకపోయాను.

ముందు వయసు సంగతి. మన కొండల్లో విరివిగా కనిపించే ఎర్రమచ్చల రాయి ఖొండలైట్. కోదు గిరిజనుల పేరే దానికి పెట్టారు. అందులోని గార్నెట్, సిల్లిమనైట్ అనే ఖనిజాలను బట్టి అది ఒకప్పటి బంకమట్టి అని తెలుస్తుంది. మట్టి పుట్టాలంటే ముందు ఏదో కొండ అరగాలి, ఆ అరుగుదలను నీరు మోసుకురావాలి. అంటే మన కొండకంటే ముందే ఇంకో కొండ ఉంది! ఆ మట్టి లోతుకు దిగి, దాదాపు 900 డిగ్రీల వేడికి ఉడికి ఇలా మారింది సుమారు 100 కోట్ల సంవత్సరాల క్రితం. అప్పటికే భూమి తన 454 కోట్ల వయసులో ముప్పాతిక దాటేసింది.

ఇక్కడి రాళ్లు పండితులనూ తికమక పెట్టాయి లెండి. విజయనగరం జిల్లా కోడూరు మాంగనీసు గని పేరుతో కోడురైట్ అనే రాయి ఉంది. పేరు పెట్టిన భూవిజ్ఞాని ఫెర్మర్ దాన్ని కరిగిన శిలాద్రవం గడ్డకట్టిన రాయి అనుకున్నాడు. మాంగనీసు నిండిన అవక్షేపం, అంటే నీటి అడుగున పేరుకున్న మట్టి, వేడికి మారిన రూపమని తరవాతివారు వాదించారు.

మీగడ పోలిక కూడా పొసగదు. మాంటిల్ (భూమి పైపొర కింద ఉండే మందమైన రాతి పొర) కొంత కరిగితే వచ్చేది బసాల్ట్ అనే నల్లరాయి; అందులో సిలికా దాదాపు సగమే. ఖండాల గ్రానైట్ జాతి రాళ్లలో అది 70 శాతం దాకా ఉంటుంది. నీరు పీల్చుకున్న బసాల్ట్ లోతులో మళ్లీ కొంత కరిగితేనే అలాంటి రాయి వస్తుంది. లోతులో అలా కరిగిందనడానికి ఆనవాలు గార్నెటే; కరగకుండా కింద మిగిలేది అదే. అరుదైన మృత్తికా మూలకాల్లో (రేర్ ఎర్త్స్) బరువైనవాటిని అది తనలోనే పట్టి ఉంచుతుంది. 300 కోట్ల సంవత్సరాలకు పైబడిన ఖండపు రాళ్లలో చాలావాటిలో సరిగ్గా ఆ మూలకాలే తక్కువ. చెరకు గానుగలో లాగే రసం పైకి వచ్చింది, గార్నెట్ పిప్పిలా కింద ఉండిపోయింది.

లావా సముద్రమా? భూకంపాల్లో పుట్టే ఎస్ తరంగాలు (రాయిని అడ్డంగా ఊపుతూ సాగేవి) ద్రవంలో సాగవు, మాంటిల్‌లో మాత్రం హాయిగా సాగుతాయి. అది ఘనశిల.

ఇక ఊహలన్న మాట. మన తీరపు ఇసుకలో దొరికే జిర్కాన్ అనే ఖనిజం ఏర్పడేటప్పుడు యురేనియాన్ని రానిస్తుంది, సీసాన్ని దాదాపుగా రానివ్వదు. కాబట్టి లోపల ఇప్పుడున్న సీసం యురేనియం క్షీణించి వచ్చినదే. యురేనియంలో రెండు రకాలున్నాయి: 238 రకం సగం కావడానికి 447 కోట్ల సంవత్సరాలు, 235 సగం కావడానికి 70 కోట్లు. వేగాలు వేరైన ఈ రెండు గడియారాలూ ఒకే వయసు చూపిస్తే దాన్ని ఊహ అనడం ఎలా? ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్ జిర్కాన్ ఒకటి 440 కోట్లు చూపింది. కెనడాలోని అకాస్టా రాయి వయసు 400 కోట్లకు పైనే.

బావగారికి అంత పాతది దగ్గరలో కావాలంటే ఒడిశాలోని చంపువా వైపు వెళ్లాలి. అక్కడి జిర్కాన్‌లలో 420 కోట్లు దాటిన వయసుదీ ఉన్నట్టు 2018లో ప్రకటించారు. అయితే అవి కొండలు కావు, తమకంటే చిన్న వయసు రాయిలో చిక్కుకున్న రేణువులు.